మెడ పట్టు

లూయిస్‌టౌన్, మొంటానా
1984 ఏప్రిల్ 9

మరిది వెర్నన్‌కు,

నువ్వు ఐడహో వెళ్లిపోయి అయిదు నెలలు. ఫోన్ చేస్తే అక్కడి వాతావరణం చెప్పి పెట్టేస్తావు. మీ ఊళ్లో ఎంత మంచు పడిందో మా ఊరి మంచుకంటే నాకే బాగా తెలిసిపోయింది. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

నాకో పని నేర్పాలి. గ్యారేజీ బల్ల మీద మీ అన్నయ్య కొన్న కొత్త ఇత్తడి గొట్టాల పెట్టె ఉంది. వంద గొట్టాలు, సీలు కూడా తీయలేదు. వాటితో నేనే తూటాలు కట్టుకుంటాను. పన్నెండో ఏట నుంచి వేటాడుతున్నదాన్నే గానీ, తూటా కట్టడం మాత్రం మీ అన్నదమ్ములు నన్ను తాకనివ్వలేదు. మందు, గుండు, నిప్పు రాజేసే టోపీ ఎక్కడుంటాయో తెలుసు. గొట్టాలను ఎలా సిద్ధం చేయాలో తెలియదు.

ఎందుకో కూడా చెప్తాను. వచ్చే నవంబరులో, మీ అన్నయ్య చనిపోయి పడి ఉన్న ఆ ఫర్ చెట్టు దగ్గరికి వెళ్తాను. ఆయన తుపాకితో, ఆయన తూటాల్లాంటి తూటాలతో మూడుసార్లు పేలుస్తాను. వేటకెళ్లి మీరిద్దరూ గుడారం వేసిన చోట పక్కింటి ఎల్డన్ కూర్చుని వింటాడు. వినపడుతుందో లేదో తేలిపోతుంది.

ఆపదలో ఉన్నవాడు సమానంగా ఆగి ఆగి మూడు పేల్చాలని ఈ కొండల్లో పాలుతాగే పిల్లకీ తెలుసు. మరి కాలు విరిగి ఒకటిన్నర రోజు బతికిన మనిషి ఎందుకు పిలవలేదు? జేబులో అగ్గిపుల్లలు పొడిగానే ఉన్నాయి. చేయి చాస్తే ఎండుకొమ్మలు. మంట కూడా వేయలేదు. నువ్వేమో ఏమీ వినలేదన్నావు. ఆయనకు తిరిగి రావాలని లేదని చర్చిలో ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఆ గుసగుసలు నా చెవిలో కూడా ఉన్నాయి, వెర్నన్. ఆయన వేటకు బయల్దేరిన పొద్దున మేం పశువుల అమ్మకం గురించి పోట్లాడుకున్నాం. "పోతే పో, ఇక్కడ నీకోసం ఎవరూ కాచుకుని కూర్చోలేదు" అన్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే.

ఆ మాట పట్టుకునే ఆయన అక్కడ కూర్చుండిపోయాడా? నాకు తెలియాల్సింది అదొక్కటే.

మీ వదిన
ఆర్డిస్


సాల్మన్, ఐడహో
ఏప్రిల్ 21

ఆర్డిస్ వదినకు,

కొండ ఎక్కే పని మానుకుంటే మంచిదని నా అభిప్రాయం. ఆ రోజు గాలి పడమటి నుంచి కొట్టింది. నేను ఏమీ వినలేదు. ఎల్డన్ వింటే మాత్రం ఏం తేలుతుంది? ఏ రోజు గాలి ఆ రోజుది.

గొట్టాల సంగతి అంటావా, చెప్తాను. కొత్తవి కదా అని నేరుగా మందు పోసేయకూడదు. పెట్టెలో ఒకదానికొకటి తగిలి మూతులు సొట్టపోయి ఉంటాయి. మెడ ఒకటి బిగువు, ఒకటి వదులు. గుండును పట్టుకునేది ఆ మెడే. దాన్ని మేం మెడ పట్టు అంటాం. పట్టు అన్నిటికీ ఒకేలా ఉంటేనే గుండ్లన్నీ ఒకే వేగంతో వెళ్తాయి.

ముందు అన్నిటినీ అచ్చులోకి నొక్కు, మెడలన్నీ సన్నబడతాయి. తర్వాత లోపలికి ఉక్కు కడ్డీ పంపు, గుండుకంటే అంగుళంలో వెయ్యోవంతులు రెండు తక్కువ ఉండేలా తెరుచుకుంటాయి. పొడవు సమానంగా కోసి, మూతి అంచులు లోపలా బయటా చెక్కు. కొత్త ఇత్తడి మరీ శుభ్రంగా ఉంటుంది. గుండు అతుక్కుపోతుంది. అందుకని మెడ లోపల పెన్సిలు పొడి పూయి. మెడ మీద నీలం మరక కనిపిస్తే కంగారు పడకు, ఫ్యాక్టరీలో కాచిన గుర్తు అది.

గుండు కూర్చోబెట్టేటప్పుడు ప్రెస్సు పిడి ఎంత బరువుగా దిగుతుందో అరచేతికి తెలుస్తుంది. ప్రతిదీ ఒకేలా దిగాలి. తొందరపడకు.

వెర్నన్


లూయిస్‌టౌన్
మే 27

మరిదీ,

మెడ పట్టు అంటే దిండు ఎత్తయినప్పుడు వచ్చేదే అనుకున్నాను ఇన్నేళ్లూ. నీ పుణ్యమా అని ఇప్పుడు నాకు రెండు రకాలూ ఉన్నాయి. నొక్కు, తెరువు, కొయ్యి, చెక్కు, పూయి. తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్లయిన కొత్తలో మీ అమ్మ నాచేత లెఫ్సా రొట్టెలు వత్తించి, వెలుతురుకు అడ్డంపెట్టి మందం చూసేది గుర్తుందా? నువ్వు అచ్చం మీ అమ్మ కొడుకువి.

మొదటి పది కట్టాను. తొమ్మిది నువ్వు చెప్పినట్టే దిగాయి. ఒకటి మాత్రం వదులు. పిడి వెన్నలోకి దిగినట్టు దిగింది. గుండును వేళ్లతో తిప్పితే తిరిగింది. దాన్ని విప్పి, మళ్లీ అచ్చులో నొక్కి, కడ్డీ పంపి, మైక్రోమీటరుతో కొలిచాను. మిగతా వాటితో సమానం. మళ్లీ గుండు పెట్టాను. ఈసారి బిగువుగా దిగింది. అమ్మయ్య అనుకున్నాను.

పక్కనే ఉన్న ఇంకొకటి చేతిలోకి తీసుకుంటే దాని గుండు తిరుగుతోంది. అది పొద్దున బిగువుగా దిగినదే, వెర్నన్. మెడ మీద సిరాతో గుర్తు కూడా పెట్టాను.

నా చేతిది తప్పా, నా వయసుది తప్పా?

ఆర్డిస్


సాల్మన్
జూన్ 8

వదినా,

కారణాలు బోలెడు. పెన్సిలు పొడి ఎక్కువై ఉంటుంది. కడ్డీ వేడెక్కి ఉంటుంది. సిరా గుర్తు తారుమారు చేసి ఉంటావు. అన్నీ విప్పేసి మొదటి నుంచి చెయ్యి. ఆ పదే కాదు, వందా చెయ్యి. వందా సరిగా వచ్చేదాకా ఒక్కటి కూడా పేల్చకు. ఈ ఏడాదికి కాకపోతే వచ్చే ఏడాది వెళ్లొచ్చు, కొండ ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి. ఆ వదులుదాన్ని తుపాకిలో పెట్టకు. పెట్టావంటే తీయడానికి రాదు. గుండు తుపాకి గొట్టం మొదట్లో ఇరుక్కుపోతుంది, మందంతా లోపల ఒలికిపోతుంది. దాన్ని పారెయ్యి. ఇంట్లో ఉంచకు.

వెర్నన్


లూయిస్‌టౌన్
జులై 19

వెర్నన్,

వందా చేశాను. పదేసి చొప్పున పది వరసలు పెట్టాను. వరసకు ఒకటి వదులు. ఊళ్లో కొట్టుకెళ్లి వేరే కంపెనీ గొట్టాలు తెచ్చాను, చేతులు కడుక్కుని, పొడి మార్చి, కడ్డీ చల్లార్చి కట్టాను. పదింటికి ఒకటి వదులు. ఎల్డన్ వచ్చి తన చేత్తో పది కట్టాడు. నలభై ఏళ్లు ఊరివాళ్లను వేటకు కొండెక్కించిన మనిషి, చేయి వణకదు. ఆయన పదిలోనూ ఒకటి.

"ఇత్తడికి ఏదో పట్టింది తల్లీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

నీ మాట వినలేదు. బిగువుగా ఉన్నవి తీసుకుని నిన్న మధ్యాహ్నం కంకర గుంట దగ్గరికి వెళ్లాం. గురి కాగితం పెట్టాను. గురి చూసుకోవడానికి అందరూ మూడే పేలుస్తారు కదా, నేనూ మూడు పేల్చాను. మూడు చిల్లులూ ఒక పావలా కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. మీ అన్నయ్య చూసి ఉంటే రెండు రోజులు ముఖం మాడ్చుకునేవాడు.

ఎల్డన్ ఫ్లాస్కు మూత తిప్పి, కాఫీ పోసుకుని, ఒక గుక్క తాగాడు. అప్పుడు కొండ వైపు నుంచి ఒక్కటి పేలింది.

ప్రతిధ్వని కాదు. ప్రతిధ్వని అయితే మూడు రావాలి, వెంటనే రావాలి. ఇది ఒక్కటే. వేట కాలం కాదు, ఆ దిక్కున ఇల్లు కూడా లేదు. ఎల్డన్ కప్పు కింద పెట్టేశాడు. "ఎవరో పలికారు" అన్నాడు. "ఎవరు?" అన్నాను. "మూడు పేలిస్తే పిలుపు. విన్నవాడు ఒకటి పేలుస్తాడు, విన్నాను వస్తున్నానని. పలికాక నువ్వు కదలకూడదు తల్లీ. ఇంకో తూటా దండగ చేయకూడదు. వచ్చేదాకా అక్కడే ఉండాలి." అలవాటుగా చెప్పుకుపోయాడు, చెప్పాక ఆయన ముఖమే పాలిపోయింది. సాయంత్రందాకా అక్కడే కూర్చున్నాం. ఎవరూ రాలేదు.

నేను నీ దగ్గర దాచిన మాట ఒకటుంది. షెరిఫ్ ఆఫీసువాళ్లు ఆయన సామాను సంచిలో ఇచ్చారు. తూటాల డబ్బా జనవరిలో గానీ తెరవలేకపోయాను. ఇరవై పట్టే డబ్బా, పదిహేడున్నాయి. ఇంట్లోంచి వెళ్లేటప్పుడు నిండుగా ఉంది, నేనే సంచిలో పెట్టాను. ఖాళీ గొట్టాలు మంచులో పోయి ఉంటాయి. అంటే ఆయన పిలిచాడు. మూడు పేల్చాడు. పదిహేడు చేతిలో పెట్టుకుని ఎందుకు ఆపేశాడు? మధ్యలో మనసు మార్చుకున్నాడా? నా మాట గుర్తొచ్చిందా?

ఆర్డిస్


సాల్మన్
ఆగస్టు 2

వదినా,

అది ప్రతిధ్వనే. గుంటల్లో మోతలు రకరకాలుగా తిరుగుతాయి. ఎల్డన్ ముసలాడైపోయాడు, ఆయన మాటలు పట్టించుకోకు. మళ్లీ అక్కడికి వెళ్లకు. కొండకూ వెళ్లకు.

మూడోదానికీ ఆ ఒక్కదానికీ మధ్య ఎంతసేపు?

వెర్నన్


లూయిస్‌టౌన్
ఆగస్టు 15

వెర్నన్,

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. ప్రతిధ్వనే అయితే ఎంతసేపు అని అడగడం దేనికి?

చెప్తాను. ఈసారి ఒక్కదాన్నే వెళ్లి గడియారం పెట్టుకుని చూశాను. నాలుగుసార్లు వెళ్లాను. ప్రతిసారీ యాభై సెకన్లు. ఒక్క సెకను అటూ ఇటూ లేదు. అంతసేపట్లో ఏం చేయొచ్చో నీకు తెలుసేమో. ఆ మోత వినగానే నా ఒళ్లు ఎలా చల్లబడుతుందో, మరుక్షణం ఎంత నిబ్బరంగా ఉంటుందో చెప్పలేను. ఎవరో వస్తున్నారనిపిస్తుంది. లేచి ఇంటికి పోబుద్ధి కాదు. పోయిన గురువారం చీకటి పడుతుంటే ఎల్డన్ వచ్చి చేయి పట్టి లేపాడు. నా వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయట. ఆగస్టులో!

నీ నోట్లో నువ్వుగింజ నానదని అత్తయ్య అనేది. ఈ విషయంలో తొమ్మిది నెలలు నానబెట్టావు. నేను నిన్ను తిట్టడానికి అడగట్లేదు. నేను పొద్దున లేచి కాఫీ పెట్టుకోవాలంటే, ఆ మనిషి చావాలనుకుని చావలేదని నాకు తెలియాలి. అనుకునే చచ్చాడంటే అదీ తెలియాలి. ఏదో ఒకటి రాయి.

ఆర్డిస్


సాల్మన్
సెప్టెంబరు 30

వదినా,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టాను. చదివాక నా పేరు ఎత్తొద్దనిపిస్తే ఎత్తకు.

నేను విన్నాను. మూడూ విన్నాను. ఆ శనివారం మధ్యాహ్నం మూడు గంటలు దాటాక, గుడారానికి పైనున్న మెట్ట మీద కూర్చుని ఉన్నాను. చక్కగా, సమానంగా, ఒకదాని తర్వాత ఒకటి. వినగానే నాకేం తట్టిందో తెలుసా? ఎవడో గురి చూసుకుంటున్నాడు, అని. కింద రోడ్డు దగ్గర పట్నంవాళ్ల బండ్లు ఉన్నాయి. తుపాకి ఎక్కడో కొట్టుకుని ఉంటుంది, కాగితానికి మూడు పేల్చి చూసుకుంటున్నాడనుకున్నాను. ఎంత సమంగా పేల్చాడు, వీడి తూటాల మెడలు బాగా కుదిరినట్టున్నాయి అని కూడా అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ బల్ల ముందు కూర్చుంటే మూడు మోతలు అలాగే వినిపిస్తాయి. పైగా అన్నయ్య దారి తప్పడం, పడిపోవడం నా ఊహకు అందనే లేదు. ఆలస్యమైతే అవతలి చరియలో పాత గుడిసెలో పడుకుంటానని పొద్దునే చెప్పాడు.

ఫ్లాస్కు మూత తిప్పాను. కాఫీ పోసుకున్నాను. ఒక గుక్క తాగాను, నాలుక కాలింది. ఇక గుడారానికి దిగుదామని తుపాకి ఖాళీ చేయబోయాను. తూటాను బయటికి తీసే బోల్టు లాగుతుంటే తెలిసింది, గుండు ఇరుక్కుంది. అది వదులు మెడ తూటా.

దాని సంగతి కూడా చెప్పేస్తాను. ఆ ఏడు నేను కొత్త గొట్టాలు తెచ్చి, బద్ధకించి, అచ్చులో నొక్కకుండా పెట్టెలోంచి తీసినవి తీసినట్టే కట్టేశాను. ఒకటి మూతి సొట్టపోయి ఉంటే స్క్రూడ్రైవరు పిడి దూర్చి గుండ్రంగా చేశాను. మెడ సాగిపోయింది. గుండు వేళ్లతో తిరుగుతోందని చూశాను కూడా. పోనీలే, ఒక్కటే కదా అనుకున్నాను. బయటికి లాగితే గుండు లోపలే ఉండిపోయి మందు ఒలుకుతుంది, గంటసేపు శుభ్రం చేసుకోవాలి. అందుకని బోల్టు మళ్లీ బిగించి, ఎదురుగా ఉన్న మట్టి గట్టులోకి పేల్చేశాను.

ఒక్కటి.

మా నాన్న మా ఇద్దరికీ చెవులు మెలేసి నేర్పాడు. మూడు పిలుపు, ఒకటి జవాబు. జవాబు వచ్చాక కదలొద్దు, తూటాలు దండగ చేయొద్దు. అన్నయ్య నాన్న మాట జవదాటలేదు. నా తుపాకి మోత ఆయనకు బాగా తెలుసు. తమ్ముడు వస్తున్నాడనుకున్నాడు. ఇంకో పావుగంట, ఇంకో అరగంట అనుకుని ఉంటాడు. ఈలోపు వాడు వచ్చేస్తే మంట దేనికి అనుకుని ఉంటాడు. మంట కావాలనిపించే వేళకు వేళ్లు పనిచేసి ఉండవు.

రాత్రికి రాకపోతే గుడిసెకు వెళ్లాడనుకున్నాను. మర్నాడంతా మంచు తుఫాను. మూడో రోజు ఆయన్ను చూశాక, షెరిఫ్ మనిషికి డబ్బా ఇచ్చేముందు తెరిచి లెక్కపెట్టాను. పదిహేడు. అప్పుడే నాకంతా అర్థమైంది. అర్థమయ్యాకే నీతో ఏమీ వినలేదని అబద్ధమాడాను. వారం తిరక్కుండా ఐడహో పారిపోయాను. నీ మాటలు పట్టుకుని ఆయన కూర్చోలేదు వదినా. నన్ను నమ్మి కూర్చున్నాడు.

వెర్నన్


లూయిస్‌టౌన్
అక్టోబరు 14

వెర్నన్‌కు,

ముందు నాలుగు కాగితాల నిండా తిట్లు రాశాను. చింపేశాను. నీ ఫోటో గోడ మీంచి తీసేశాను, అది మాత్రం మళ్లీ పెట్టలేదు. ఆ తూటా పేల్చినందుకు కాదు. అది ఎవరికైనా జరుగుతుంది. నా మొగుడు చావు కోరుకున్నాడేమోనని పది నెలలు నేను గోడకు తల బాదుకుంటుంటే, కడ్డీ చల్లార్చు, పొడి మార్చు అని రాశావు చూడు, అందుకు.

అయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. నీ ఉత్తరం చదివాక మొట్టమొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, ఊపిరి. ఆయన బతకాలనుకున్నాడు. ఇంటికి రావాలనుకున్నాడు. పిలిచాడు, ఎవరో పలికారనుకున్నాడు, ఆఖరిదాకా ఒంటరిగా లేననే అనుకున్నాడు. నిన్ను ఆశీర్వదించాలో శపించాలో తెలియని చోట నన్ను నిలబెట్టావు మరిదీ.

నేను ఇక కొండకు వెళ్లను. నువ్వు వెళ్తావు. ఏడాది నిండే నవంబరు పన్నెండున, మూడు గంటలు దాటాక, కాఫీ తాగిన మెట్ట మీంచి లేచి ఆయన దగ్గరికి నడువు. ఇంకా అక్కడెవరో కాచుకునే ఉన్నారని కంకర గుంట దగ్గర నాకు తెలిసింది. నాది పిచ్చి అంటావేమో, అను. తుపాకి తీసుకెళ్లకు. ఈసారి మోతతో జవాబు చెప్పకు. మనిషివే వెళ్లు. ఎంతసేపు పడుతుందో చూసి నాకు రాయి.

ఆర్డిస్


లూయిస్‌టౌన్ బస్టాండు
1984 నవంబరు 13

వదినా,

ఊళ్లోనే ఉన్నాను. నీ గుమ్మం తొక్కే ముఖం లేక ఇది తలుపు కింద పెట్టి పోతున్నాను.

నలభై నిమిషాలు. మోకాలి నొప్పితో, వాగు దగ్గర రెండుసార్లు జారి, మోకాటి లోతు మంచులో నడిస్తే నలభై. పోయినేడు నేల పొడిగా ఉంది. ముప్పై చాలేది.

పొద్దున్నుంచి మంచు పడుతూనే ఉంది. అడుగుజాడ ఒక్కటి లేదు, నక్కది కూడా. చెట్టు దూరం నుంచే కనిపించింది. దగ్గరికి పోయాను. చెట్టు మొదట్లో పడి ఉన్న దుంగ తెలుసు కదా, ఆయన వీపు ఆనించుకున్నది. దాని మీద జానెడు మంచు పేరుకుని ఉంది. ఒక్కచోట మాత్రం లేదు. ఆయన ఉన్న చోటికి పక్కనే, ఒక మనిషి కూర్చునేంత మేర, చేత్తో తుడిచి పెట్టినట్టు ఎండు బెరడు కనిపిస్తోంది. పైనుంచి మంచు రాలుతూనే ఉంది. అక్కడ మాత్రం నిలవడం లేదు.

వచ్చినవాణ్ని నిలబెట్టి మాట్లాడే అలవాటు అన్నయ్యకు లేదు.

"వచ్చానన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కూర్చున్నాను. చెప్పాల్సినవన్నీ చెప్పాను. నువ్వన్న మాట నిజంగా అన్నది కాదని, ఇంట్లో నువ్వు కాచుకునే కూర్చున్నావని కూడా చెప్పాను. పొద్దు పూర్తిగా వాలేదాకా ఉన్నాను.

కోటు గుండీలు పెట్టుకోవడం మరిచిపోయానని కిందికి దిగాక చూసుకున్నాను. అక్కడున్నంతసేపూ నాకు చలి వేయలేదు వదినా.

వెర్నన్